ఎగ్జిమాకి మామూలు పెట్రోలియం జెల్లీ: 5 స్టార్లలో 4

నాకు చిన్నప్పటి నుంచి ఎగ్జిమా, అదే డాక్టర్లు అటోపిక్ డెర్మటైటిస్ అనేది. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ మీద. రకరకాల క్రీములు, లోషన్లు వాడాక ఇప్పుడు ఇంట్లో అయిపోకుండా చూసుకునేది ఒక్కటే: వాసన, రంగు ఏవీ కలపని తెల్ల పెట్రోలియం జెల్లీ.

ఇది మందు కాదని ముందే తెలుసుకోవాలి, లేకపోతే రెండు రోజులు రాసి పనిచేయలేదని పక్కన పడేస్తారు. ఎగ్జిమా ఉన్నవాళ్ల చర్మం పై పొరకి తేమని పట్టి ఉంచే శక్తి తక్కువ, ఆ పొరని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా వచ్చే అవకాశం పెరుగుతుందని 2006లో తేలింది కూడా. లోపలి తేమ బయటికి పోతుంది, సబ్బు, దుమ్ము, బ్యాక్టీరియా లోపలికి దూరతాయి, దాంతో మంట, దురద, గోకితే పొర ఇంకా దెబ్బతిని మళ్లీ దురద. జెల్లీ ఆ పొర మీద మూతలా కూర్చుని తేమని పోనివ్వదు. అంతే దాని పని, కానీ రాత్రి నిద్ర పట్టాలంటే నాకు ఆ పనే కావాలి.

మూత వేయాలంటే లోపల తేమ ఉండాలి కదా, అందుకే పొడి చర్మం మీద రాస్తే ఫలితం సగమే. గోరువెచ్చని నీళ్లతో 5, 10 నిమిషాల్లో స్నానం ముగించి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఇంకా కాస్త తడిగా ఉండగానే రాసేయాలి. వేడి నీళ్లు పోసుకుంటే ఆ కాసేపు దురదకి హాయిగా ఉంటుంది, తర్వాత రెట్టింపు అవుతుంది.

లోషన్లు నాకు ఎందుకు నచ్చవంటే, వాటిలో ఎక్కువ భాగం నీళ్లే, నీళ్లున్నాయి కాబట్టి పాడవకుండా ప్రిజర్వేటివ్‌లు కలపాలి, గోకి పగిలిన చోట అవి భగ్గుమంటాయి. జెల్లీలో నీళ్లే ఉండవు. కొనేటప్పుడు డబ్బా మీద 'అన్‌సెంటెడ్' అని ఉంటే సరిపోదు, వాసన తెలియకుండా చేయడానికి వేరే సువాసన కలిపి ఉండొచ్చు, 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని ఉన్నదే తీసుకోండి.

ఒక స్టార్ తగ్గించింది జిడ్డుకి. బట్టలకి, దుప్పట్లకి అంటుకుంటుంది, వదలదు. చెమట పట్టే రోజుల్లో మందంగా పూస్తే వెంట్రుకల మొదళ్లలో కురుపులు లేస్తాయి, అందుకని వెంట్రుకలు వాలిన వైపుకే పల్చగా రాయాలి, గట్టిగా రుద్దకూడదు. ఇంకోటి, చాలామందికి తెలియదు, జెల్లీ ఇంకిన గుడ్డ నిప్పంటుకుంటే చాలా వేగంగా కాలుతుంది. ఆ బట్టలతో స్టవ్ దగ్గరికి, సిగరెట్ దగ్గరికి పోవద్దు, ఉతికినా అది పూర్తిగా పోదు.

ఎర్రగా వాచి భరించలేనంత దురద పెడుతున్నప్పుడు మాత్రం దీన్నే నమ్ముకుని కూర్చోవద్దు. అప్పుడు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కావాలి, ఎంత బలమైనది, ఎన్నాళ్లు అన్నది డాక్టరే చెప్పాలి. స్టెరాయిడ్ పేరు వినగానే భయపడి ఆపేసేవాళ్లని చూస్తే బాధగా ఉంటుంది, సరిగ్గా వాడితే అది మేలే చేస్తుంది. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబ్ నుంచి పిండితే దాదాపు అర గ్రాము, వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకి అది చాలు. ముఖానికి, మడతలకి టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని ఆయింట్‌మెంట్లు కూడా ఉన్నాయి, డాక్టర్ని అడగండి. కానీ ఎవరో చెప్పారని స్టెరాయిడ్ కొనేయొద్దు, అది ఎగ్జిమా కాక ఫంగస్ అయితే ఇంకా పాకుతుంది. రసి కారినా, పసుపు పక్కులు కట్టినా చూపించుకోవాలి. జ్వరంతో పాటు నొప్పి పుట్టే చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేస్తే అదే రోజు వెళ్లండి.

పెద్ద డబ్బానే కొనండి, ఒళ్లంతా ఉన్నవాళ్లకి చిన్నది ఇట్టే అయిపోతుంది. వేళ్లు ముంచకుండా శుభ్రమైన చెంచాతో తీసుకోండి. చేతులకి పగలు జిడ్డు ఇబ్బందైతే సువాసన లేని క్రీమ్ వాడి, రాత్రి జెల్లీ రాసి పైన పల్చని కాటన్ గ్లౌజులు వేసుకోండి, నిద్రలో గోకుడు కూడా తగ్గుతుంది.