భీమవరంలో ఆరు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్: రెండు ఫ్లాట్లు కొన్నాక నా అనుభవం

2019 చివర్లో భీమవరంలో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో రెండు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు కొన్నాను, అద్దెకి ఇవ్వడానికి. నేను రిటైరైన టీచర్ని. గ్రాట్యుటీ డబ్బు, ఊళ్లో పొలం అమ్మగా వచ్చింది కలిపి పెట్టాను. హైదరాబాద్‌లోనే తీసుకోమని మా అబ్బాయి గట్టిగానే చెప్పాడు. కానీ అక్కడ ట్యాప్ లీకైనా నేను వెళ్లి చూసుకోలేను. ఇక్కడైతే మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు.

నాలుగు వందల గజాల స్థలం. కింద స్టిల్ట్ పార్కింగ్ (పిల్లర్ల మధ్య బళ్లు పెట్టుకోడానికి వదిలిన ఖాళీ), పైన మూడు అంతస్తులు, అంతస్తుకి రెండు ఫ్లాట్లు. ఒక్కోటి 1,150 అడుగులు, 32 లక్షలు. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం అయింది. కప్‌బోర్డులు, గ్రిల్స్ కూడా వేయించేసరికి రెండింటికీ కలిపి 70 లక్షలు దాటలేదు. బిల్డింగ్ పూర్తయింది, ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే కొన్నాను కాబట్టి జీఎస్టీ పడలేదు.

నాకు బాగా నచ్చింది స్థలంలో వాటా. ఫ్లాటుకి 66 గజాలు నా పేరు మీద రాసి ఉంది. పెద్ద అపార్ట్‌మెంట్లలో ఇంత రాదు. గోడలు పాతబడినా ఆ గజాలకి విలువ ఉంటుంది కదా, నా ధైర్యం అదే.

ఫ్లాటుకి నెల అద్దె మొదట్లో 8,500 వచ్చేది. 2022 ఏప్రిల్‌లో భీమవరం జిల్లా కేంద్రం అయ్యాక బదిలీల మీద వచ్చే ఉద్యోగులు ఇళ్లు అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు 12,500 వస్తోంది. ఒకదాంట్లో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ గారి కుటుంబం, రెండోదాంట్లో రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే దంపతులు ఉంటున్నారు. ఏడాదికి మూడు లక్షలు. ఇంటి పన్ను, మెయింటెనెన్స్, మనిషి మారినప్పుడు పెయింటింగ్, ఖాళీగా ఉన్న నెల తీసేస్తే చేతికి 2 లక్షల 40 వేలు మిగులుతుంది. పెట్టుబడి మీద మూడున్నర శాతం కూడా కాదు. బ్యాంకులో వేస్తే ఇంతకంటే ఎక్కువే వస్తుంది. కాబట్టి అద్దె మాత్రమే చూసుకుని ఎవరూ దిగొద్దు.

ఇక నీళ్ల సంగతి. కొనేటప్పుడు నేను హాలు చూశాను, గాలి వెలుతురు చూశాను, బోరు నీళ్లు మాత్రం నోట్లో పోసుకుని చూడలేదు. ఇక్కడ భూగర్భ జలం ఉప్పు. ఏడాది తిరిగేసరికి బాత్‌రూమ్ ట్యాపుల మెడ దగ్గర తెల్లటి పొక్కు కట్టింది, వేలితో గీకితే సున్నంలా రాలింది. షవర్ రంధ్రాలు సగం పూడిపోయాయి. గీజర్ కాయిల్ రెండుసార్లు మార్చాను. చూడ్డానికి వచ్చిన ప్రతి ఇల్లాలూ అద్దె కంటే ముందు అడిగేది ఒకటే, "మున్సిపల్ నీళ్లు పైకి ఎక్కుతాయాండీ?" అని. బిల్డరు కట్టిన సంపు చిన్నది. వేసవిలో కాలువలు కట్టేశాక నీళ్ల సరఫరా తగ్గితే ఆరు కుటుంబాలకి అది ఏ మూలకీ రాదు. కిందటేడు అందరం కలిసి ఇంకో సంపు కట్టించాం. ఆ తర్వాత ఇల్లు ఒక్క నెల కూడా ఖాళీగా లేదు.

చిన్న అపార్ట్‌మెంట్‌లో అసలు టెన్షన్ మనుషులతో. ఆరు ఫ్లాట్లకి ఓనర్లం నలుగురం: నాకు రెండు, ఫ్లాట్లు కట్టడానికి బిల్డరుకి స్థలం ఇచ్చిన ఆయనకి రెండు, మిగతా ఇద్దరికీ చెరొకటి. లిఫ్ట్ మోటారు కాలిపోయి 84,000 అయింది. ఫ్లాటుకి 14,000 చొప్పున నా వాటా 28,000 రావాలి. స్థలం ఆయన "మేం కింద అంతస్తులోనే ఉంటాం, లిఫ్ట్ ఎక్కం" అని పైసా ఇవ్వలేదు. మూడో అంతస్తులో ఉన్న పెద్దావిడకి మోకాళ్ల నొప్పులు, కూరగాయల సంచి పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోవడం చూశాను. ఇంక ఆగలేక, ఆయన వాటాలో సగం కూడా కలిపి 42,000 కట్టాను. వంద ఫ్లాట్లలో ఇద్దరు ఎగ్గొడితే తెలియదు. ఆరింట్లో రెండంటే మూడో వంతు.

అసోసియేషన్ రిజిస్టర్ చేయిద్దామని వెళ్తే సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలన్నారు. మేం ఉన్నది నలుగురం. చివరికి వాటాలన్నీ స్టాంపు పేపరు మీద రాసుకుని, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా తెరిచాం. ఇది కొన్న రోజునే చేయాల్సిన పని. తాళాలు తీసుకునే ముందు అందరూ మంచివాళ్లే, అప్పుడే సంతకాలు పెట్టించుకోండి.

ఇంకో సంగతి కూడా ముందే తెలిస్తే బాగుండేది. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ప్రాజెక్టుని రెరాలో (బిల్డర్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్ చేయక్కర్లేదు. అంటే చిన్న ఊళ్లలో కట్టే ఇలాంటివి చాలావరకు రెరా సైట్‌లో వెతికినా కనపడవు. ప్లాను, ఖర్చులు, గడువు అన్నీ మనమే అడిగి చూసుకోవాలి. నేను స్థలం మీద అప్పులూ అమ్మకాలూ చూపించే ఈసీ ముప్ఫై ఏళ్లకి తీయించి, లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకం పత్రాలు) లాయరుకి చూపించాను కానీ అప్రూవైన ప్లాను పట్టుకుని డాబా ఎక్కలేదు. ప్లానులో లేని పెంట్‌హౌస్‌కి అప్పటికే పిల్లర్లు లేపి ఉన్నాయి. నలుగురం ఒప్పుకోనందుకు అది ఆగింది. బిల్డరు పార్కింగ్ కూడా విడిగా లక్షన్నర చొప్పున అమ్మబోయాడు. స్టిల్ట్ పార్కింగ్ ఉమ్మడి స్థలమనీ, బిల్డరు దాన్ని విడిగా అమ్మకూడదనీ 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట లాయరు చేత చెప్పిస్తే ఊరుకున్నాడు.

ఐదుకి నేను మూడు ఇస్తాను. స్థలం వాటాకి, మనిషి దగ్గర్లో ఉండి చూసుకునే వీలుకి ఆ మూడు. నీళ్లకి ఒకటి, లిఫ్ట్ గొడవకి ఒకటి తీసేశాను.

మొన్న పక్క వీధిలో ఇంకో ఆరు ఫ్లాట్ల బిల్డింగ్‌లో ఒకటి అమ్మకానికి ఉందని బ్రోకరు ఫోన్ చేశాడు. ముందు అప్రూవల్ ప్లాను జిరాక్సూ, ఒక సీసాలో బోరు నీళ్లూ తీసుకురమ్మన్నాను. ప్లాను పంపాడు, నీళ్లు ఇంకా తేలేదు.