ప్రశ్నపత్రం రెండు కాలమ్స్‌లో: రైటర్‌తో ఏళ్ల తరబడి పనిచేశాక

మా డీటీపీ సెంటర్ హన్మకొండ నయీంనగర్‌లో ఉంది. చుట్టూ కోచింగ్ సెంటర్లు, కాలేజీలు, హాస్టళ్లు. అందుకే మా దగ్గర పెళ్లి పత్రికల కన్నా ప్రశ్నపత్రాల పనే ఎక్కువ. వీక్లీ టెస్టు కావచ్చు, గ్రాండ్ టెస్టు కావచ్చు, వచ్చిన ప్రతి లెక్చరర్ సారూ అడిగేది ఒకటే: "అన్నా, జర రెండు పేజీలల్ల పట్టేటట్టు సెట్ చెయ్యి." రెండు పేజీలంటే ఒక కాగితం, ముందూ వెనకా. మూడో పేజీలోకి నాలుగు లైన్లు పోయినా పిల్లాడికో కాగితం చొప్పున జిరాక్స్ ఖర్చు పెరుగుతుంది. ఈ పనికి నేను వాడేది లిబ్రేఆఫీస్ రైటర్, వర్డ్ లాంటి సాఫ్ట్‌వేరే. ఈ సమీక్ష మొత్తం అందులో ఒక్క విషయం గురించే, మ్యాటర్‌ను కాలమ్స్‌గా పక్కపక్కన పెట్టడం.

ఇంతకుముందు మా ఫీల్డులో అందరిదీ పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్, దాంట్లో తెలుగుకు అను ఫాంట్లే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, ఇప్పటికీ దాన్ని వదలనివాళ్లు ఉన్నారు. కాలమ్ పని దాంట్లో చాలా హాయి, అది ఒప్పుకోవాల్సిందే. కానీ దానికి యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఇప్పుడు తెలుగుకు వాడే అక్షరాల కోడ్, తెలియదు. ఇప్పుడు మ్యాటర్ అంతా వాట్సాప్‌లో, యూనికోడ్‌లోనే వస్తోంది. దాన్ని కన్వర్టర్‌లో వేసి, అను ఫాంట్లోకి మార్చి, చెదిరిన ఒత్తులు సరిచేసుకుంటూ కూర్చుంటే సగం రోజు అక్కడే అయిపోతుంది. 2010లో ఓపెన్‌ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి చీలి వచ్చిన లిబ్రేఆఫీస్‌కు ఆ తంటా లేదు. పైగా ఉచితం.

కాలమ్స్ ఎందుకు లాభమో చిన్న లెక్క. ఎ4 వెడల్పు 21 సెంటీమీటర్లు. ఇటూ అటూ ఒకటిన్నర చొప్పున మార్జిన్ తీసేస్తే 18 మిగులుతుంది. ఆబ్జెక్టివ్ ప్రశ్నకు ఆప్షన్ రెండు మూడు మాటలే కాబట్టి 18 సెంటీమీటర్ల లైన్లో ముప్పావు వంతు తెల్లకాగితమే. మధ్యలో 0.8 గ్యాప్ వదిలి రెండుగా చీలిస్తే ఒక్కో కాలమ్ 8.6 వస్తుంది. తెలుగు ఆప్షన్‌కు అది ధారాళంగా సరిపోతుంది.

రైటర్‌లో కాలమ్స్ రెండు దారుల్లో పెట్టొచ్చు. పేజీ స్టైల్‌లో, అంటే పేరు పెట్టి దాచుకునే సెట్టింగుల కట్టలో, పెడితే ఆ స్టైల్ ఉన్న పేజీలన్నీ చీలిపోతాయి, పైన ఉండే కాలేజీ పేరు, మార్కులు, సమయంతో సహా. ప్రశ్నపత్రానికి అది పనికిరాదు. హెడ్డింగ్ వదిలేసి ప్రశ్నలను మాత్రమే సెలెక్ట్ చేసి ఫార్మాట్ మెనూలో కాలమ్స్ ఇస్తే, అంతవరకే ఒక సెక్షన్‌గా కట్టి చీలుస్తుంది. నేను ఎప్పుడూ వాడేది ఇదే. సెక్షన్‌కు ఉన్న ఇంకో సుఖం, ‘ఈవెన్లీ డిస్ట్రిబ్యూట్’ అనే టిక్కు. అది పెడితే చివరి పేజీలో ఎడమ కాలమ్ అడుగుదాకా నిండి కుడివైపు బోసిగా ఉండదు, మ్యాటర్ రెండు వైపులా సమానంగా సర్దుకుంటుంది. వర్డ్‌లో ఇదే కావాలంటే మ్యాటర్ చివర కంటిన్యువస్ సెక్షన్ బ్రేక్ వేయాలి. అదీ పనిచేస్తుంది, కాకపోతే ఆ బ్రేక్ కంటికి కనిపించదు, ఎవరో ఒకరు తెలియక డిలీట్ చేస్తారు.

కొత్తవాళ్లు ఇరుక్కునే చోటు ఒకటుంది. ఫైలు చివరిదాకా సెక్షనే ఉంటే కర్సర్ బయటికి రాదు. ఎన్ని ఎంటర్లు కొట్టినా కాలమ్ లోపలే తిరుగుతుంది. సెక్షన్ ఆఖరున నిలబడి ఆల్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే బయట కొత్త పేరా వస్తుంది. ‘ఆల్ ద బెస్ట్’ అని అడుగున పెట్టించుకోని సారు మా దగ్గర లేడు కాబట్టి నాకు ఈ కీ రోజూ అవసరమే.

అసలు కష్టం ప్రశ్న విరగడంలో ఉంది. కాకతీయుల మీద ప్రశ్న అనుకోండి: ప్రశ్న, ఎ, బి, సి ఎడమ కాలమ్ అడుగున ఉంటాయి, డి ఒక్కటీ ఎగిరి కుడి కాలమ్ నెత్తిన కూర్చుంటుంది. పరీక్ష హాల్లో పిల్లలు ఆ ప్రశ్నకు మూడే ఆప్షన్లు అనుకుంటారు, పైన ఉన్న డి ఎవరిదో తెలియదు. చాలామంది ఎంటర్లు కొట్టి కిందికి నెడతారు. సాయంత్రం సారు ఫోన్ చేసి "ఏడో ప్రశ్న తీసెయ్యన్నా" అంటే ఆ ఎంటర్లన్నీ మళ్లీ వెతికి తీయాలి. దీనికి మందు స్టైల్స్‌లో ఉంది. ప్రశ్నకు ఒక స్టైల్, ఎ, బి, సి ఆప్షన్లకు ఒకటి, డికి ఇంకొకటి. మొదటి రెంటికీ టెక్స్ట్ ఫ్లోలో ‘కీప్ విత్ నెక్స్ట్ పేరాగ్రాఫ్’ పెట్టి, డికి వదిలేయాలి. ఇక ప్రశ్న కదిలితే నాలుగు ఆప్షన్లతో కలిసే కదులుతుంది. పొడుగు ప్రశ్న మధ్యలో తెగకుండా ‘డు నాట్ స్ప్లిట్’ కూడా పెడతాను. బొమ్మలున్న సైన్స్ పేపరైతే బొమ్మను ‘యాజ్ క్యారెక్టర్’గా యాంకర్ చేస్తే ప్రశ్నను వదిలి పక్క కాలమ్‌లోకి పోదు.

తెలుగుకు రైటర్ చేసే మేలు ఇంకోటి చెప్పాలి. ఒకే స్టైల్‌లో ఇంగ్లీషుకు ఒక ఫాంటు, సైజు, తెలుగుకు వేరే ఫాంటు, సైజు పెట్టుకోవచ్చు. రైటర్ సెట్టింగుల్లోని ఆప్షన్స్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (తెలుగు లాంటి లిపులకు ఉండే సెట్టింగు) దగ్గర తెలుగు ఎంచుకుంటే చాలు. నేను తెలుగుకు మండలి ఫాంటు 12, ఇంగ్లీషుకు లిబరేషన్ సెరిఫ్ 11 పెడతాను, రెండూ పక్కపక్కన ఉంటే ఎత్తు కలిసినట్టు కనిపిస్తుంది. లైన్ స్పేసింగ్ మాత్రం దానికే వదిలేయకూడదు. తెలుగు లైను ఎత్తు ఎక్కువ, ఇంగ్లీషు లైను తక్కువ కావడంతో ఎడమ కాలమ్ లైన్లు, కుడి కాలమ్ లైన్లు ఒక వరసలో రావు, పేజీ మెట్లమెట్లుగా కనిపిస్తుంది. స్పేసింగ్ ‘ఫిక్స్‌డ్’ చేసి 19, 20 పాయింట్లు ఇస్తే వరస కుదురుతుంది. పేజీ మిగల్చాలని 15కు దింపితే మాత్రం ‘రాష్ట్రం’లో ఒత్తులు కింది లైన్లోని ‘కి’ గుడిని తాకుతాయి. జిరాక్స్‌లో రెండూ కలిసి నల్ల మచ్చ అవుతుంది.

జస్టిఫై గురించి కస్టమర్లతో నాకు రోజూ వాదనే. రెండంచులూ సమానంగా ఉంటేనే ప్రింటింగ్ లెక్క అని వాళ్ల నమ్మకం. మన మాటలు పొడుగు. ‘పరిశీలించినట్లయితే’ లాంటిది వస్తే 8.6 సెంటీమీటర్ల లైన్లో పట్టేది మూడు నాలుగు మాటలే. జస్టిఫై పెడితే వాటి మధ్య వేలు దూరేంత సందులు పడతాయి. దినపత్రికలు మాటను విరిచి కింది లైన్లోకి తోసి ఈ చిక్కు తప్పించుకుంటాయి. పరీక్ష పేపర్లో మాట విరగడం నాకు నచ్చదు. ఎడమ అంచు కలిపి కుడి అంచు వదిలేయడమే మేలు. ఎ4 మీద మూడు కాలమ్స్ అడిగేవాళ్లకు ఒక పేజీ అట్లా కొట్టి చూపిస్తాను, వాళ్లే వద్దంటారు.

ఇక ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కన కావాలనే పని. 2022-23లో తెలంగాణ సర్కారు ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా పుస్తకాలు ఇచ్చిన తర్వాత వర్క్‌షీట్లు కూడా గట్లనే కావాలని అడగడం ఎక్కువైంది. దీనికి కాలమ్స్ పెట్టడం శుద్ధ దండగ. కాలమ్ అంటే మ్యాటర్ ఎడమవైపు అడుగుదాకా దిగి, మళ్లీ కుడివైపు పైనుంచి మొదలయ్యేది. ఇంగ్లీషులో ఒక్క లైను పెరిగితే తెలుగంతా జారుతుంది, ఐదో ప్రశ్నకు ఎదురుగా నాలుగో దాని అనువాదం వస్తుంది. వర్డ్‌పర్ఫెక్ట్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి పనికోసమే ప్యారలల్ కాలమ్స్ అని విడిగా ఉండేవి. రైటర్‌లోనూ వర్డ్‌లోనూ అవి లేవు, టేబులే దిక్కు. రెండు గడుల టేబుల్ వేసి, ప్రశ్నకో వరస ఇచ్చి, బోర్డర్లు తీసేస్తే చూసేవాళ్లకు కాలమ్స్ లాగే కనిపిస్తుంది. తెలుగు చోటెక్కువ తింటుంది కాబట్టి ఆ గడి కొంచెం వెడల్పు చేస్తాను. చివరి గడిలో ట్యాబ్ కొడితే కొత్త వరస వస్తుంది, పై వరసను ‘రిపీట్ హెడ్డింగ్’ చేస్తే ప్రతి పేజీలోనూ వస్తుంది. వరస పేజీ మధ్యలో తెగకుండా ఉండాలంటే తీసేయాల్సిన టిక్కు కూడా టేబుల్ ప్రాపర్టీస్‌లోనే ఉంది.

లోటు అని గట్టిగా చెప్పగలిగింది ఒకటే. కాలమ్స్ మధ్యలో ‘సెక్షన్-బి’ లాంటి హెడ్డింగ్ పేజీ అడ్డంగా రావాలంటే రైటర్‌లో ఉన్న కాలమ్స్ సెక్షన్ ముగించి, హెడ్డింగ్ రాసి, కింద ఇంకో సెక్షన్ మొదలుపెట్టాలి. అడోబీ వాళ్ల పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పేరాకు ‘స్పాన్ కాలమ్స్’ ఇస్తే అయిపోయే పని. నాలుగు సబ్జెక్టుల పేపరైతే నాలుగు సెక్షన్లు, ఒక్కోదానికి మళ్లీ గ్యాప్, మధ్య గీత సెట్టింగులు. నేను ఖాళీ నమూనా ఫైలు ఒకటి టెంప్లేట్‌గా పెట్టుకుని దాన్నే తిప్పుతుంటాను.

బయట ప్రెస్‌కు ఫైలు ఇచ్చేటప్పుడు పీడీఎఫ్ తప్ప ఏదీ ఇవ్వను. అవతలి సిస్టమ్‌లో మండలి ఫాంటు లేకపోతే వర్డ్ డాక్స్ ఫైలు తెరవగానే లైన్లన్నీ మారి, రెండు పేజీల పేపరు మూడవుతుంది. ఈమధ్య ఇంకో అలవాటు చేసుకున్నాను. పేపరు వాట్సాప్ గ్రూపులో పెడతాం అని సార్లు అంటే రెండు కాలమ్స్ పీడీఎఫ్ ఇవ్వను. ఫోన్లో అది చదవాలంటే పెద్దది చేసి, కిందిదాకా జరిపి, మళ్లీ పైకి లాగాలి. సెక్షన్‌లో కాలమ్స్ ఒకటికి మార్చి, పేజీ సైజు ఎ5 చేసి ఇంకో పీడీఎఫ్ తీసిస్తాను. స్టైల్స్ సరిగ్గా పెట్టుకున్న ఫైలుకు అది చాయ్ వచ్చేలోపు అయ్యే పని, దానికి విడిగా డబ్బులు కూడా అడగను.