ఆరుబయట పెట్టే బ్యాటరీ నిఘా కెమెరా కొంటున్నారా? బాక్స్ మీద రాసిన డిగ్రీలు చూసి మోసపోకండి

బాక్స్ మీద ‘మైనస్ 20 నుంచి 50 డిగ్రీల వరకు’ అని ఉంటుంది. పక్కనే దుమ్ము, నీళ్ల నుంచి రక్షణ చెప్పే ఐపీ66, దాని కింద ‘సోలార్ ప్యానెల్ పెడితే చార్జింగ్ గొడవే లేదు’. విడివిడిగా చూస్తే ఏదీ అబద్ధం కాదు. మూడూ కలిపి చదువుకుని డబ్బు కట్టేవాళ్లే దెబ్బ తింటున్నారు.

ఆ 50 డిగ్రీలు కెమెరా నడిచే హద్దు. లోపలున్న లిథియం అయాన్ బ్యాటరీ చార్జ్ అయ్యే హద్దు వేరు, అది మామూలుగా 0 నుంచి 45 డిగ్రీలే. అది దాటిందంటే రక్షణ సర్క్యూట్ చార్జింగ్ ఆపేస్తుంది. ఆపడమే మంచిది కూడా. గడ్డకట్టే చలిలో చార్జ్ చేస్తే లిథియం ఆనోడ్ (బ్యాటరీలో చార్జ్ అయ్యేటప్పుడు లిథియం చేరే భాగం) లోపలికి ఇంకకుండా దాని మీద లోహపు పూతలా పేరుకుంటుంది. అలా పోయిన కెపాసిటీ తిరిగి రాదు, లోపల షార్ట్ అయ్యే ముప్పు అదనం.

గాలి 45 డిగ్రీలు లేదు కదా అనుకోవద్దు. నేరుగా ఎండ పడే కెమెరా, అందులోనూ నల్ల రంగుదైతే, చుట్టూ ఉన్న గాలి కంటే 15–20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం మామూలే. వైఫై చిప్ వేడి, రికార్డింగ్ వేడి దీనికి తోడు. అంటే ప్యానెల్ నుంచి కరెంటు దండిగా వచ్చే మిట్టమధ్యాహ్నమే బ్యాటరీ ‘నాకొద్దు’ అంటుంది. రోజంతా సున్నా దాటని చోట్ల ఇక ఆ ప్యానెల్ గోడకు అలంకారమే.

చాలామంది ప్యానెల్ పాడైందనుకుని మార్పిస్తారు, కొత్తదీ అలాగే చేస్తుంది. ముందు ఇది చేయండి: మూడు రోజులపాటు ఉదయం 8కి, 11కి, మధ్యాహ్నం 3కి, సాయంత్రం 5కి యాప్‌లో బ్యాటరీ శాతం రాసుకోండి. పొద్దున, సాయంత్రం పెరుగుతూ మధ్యాహ్నం మాత్రం, ఇంకా నిండకుండానే, కదలకపోతే చాలావరకు వేడి వల్లే. గడ్డకట్టే చలి లేకున్నా ఏ పూటా పెరగకపోతే బహుశా కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా ప్యానెల్ మీద నీడ పడుతోంది.

చలిలో ఇంకో చిత్రం కనిపిస్తుంది. 40 శాతం చూపిస్తున్న కెమెరా తెల్లవారుజామున ఉన్నట్టుండి ఆగిపోయి, ఎండ ఎక్కాక దానంతటదే లేస్తుంది. చలికి బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. ఆ సమయంలో చీకట్లో చూడటానికి వాడే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజ్ పడిపోయి కెమెరా ఆఫ్ అవుతుంది. కెమెరాలో లోపమేమీ లేదు, కానీ దొంగ వచ్చే వేళకు అది నిద్రలో ఉన్నట్టే.

ఐపీ66లో మొదటి 6 దుమ్ముకు, రెండో 6 నీటి ధారకు. వేడికీ చలికీ ఆ అంకెలతో సంబంధమే లేదు. కొన్ని సేల్ పేజీల్లో ‘మైనస్ 40 నుంచి 70’ అని గొప్పగా కనిపిస్తే అది స్టోరేజ్ టెంపరేచర్ కాదుకదా చూడండి. అంటే ఆఫ్ చేసి అటకెక్కిస్తే పాడవకుండా ఉండే హద్దు. మీకు కావాల్సింది చార్జింగ్ టెంపరేచర్. అది బాక్స్ మీద చాలా అరుదు, మాన్యువల్ చివరి పేజీల్లో వెతకాలి. అక్కడా లేకపోతే కొనకండి.

మనిషి కదలిక పట్టి అలర్ట్ పంపే పీఐఆర్ సెన్సర్ సంగతి కూడా. అది మనిషి ఒంటి వేడికీ వెనకున్న గోడ వేడికీ తేడా పట్టుకుని పనిచేస్తుంది. గోడ 35–37 డిగ్రీలకు వచ్చేసరికి ఆ తేడా చెరిగిపోతుంది, మనిషి ఎదురుగా నడిచినా అలర్ట్ రాకపోవచ్చు. సెన్సిటివిటీ పెంచితే వేడిగాలికి ఊగే ఆకులకు కూడా ఫోన్ మోగుతుంది. రోజంతా ఎండకు కాలే గోడ వైపు కెమెరా తిప్పకపోవడమే మేలు.

బిగించేటప్పుడు కెమెరా సజ్జ కింద నీడలో, ప్యానెల్ వైరు లాగి ఎండలో ఉండాలి. కెమెరా వీపుకు ప్యానెల్ అంటించి ఉన్న మోడల్ వేడి ప్రాంతాలకు వద్దు. రేకు గోడకు నేరుగా బిగించకండి, మధ్యలో గాలి ఆడేలా బ్రాకెట్ పెట్టండి. వాన పడుతుందని ప్లాస్టిక్ డబ్బాలో మూసిపెడితే లోపల ఉడికిపోతుంది. డబుల్ టేప్ ఎండకు వదిలేస్తుంది, స్క్రూలే వాడండి.

గడ్డకట్టే చలి నెలల తరబడి ఉండే చోట ఏఏ సైజు లిథియం సెల్స్ వేసే కెమెరా నయం. చార్జ్ చేసేవి కావు, వాడి పారేసేవి; మైనస్ 40 దాకా పనిచేస్తాయి. వాటి బదులు ఆల్కలైన్ సెల్స్ వేస్తే ఆ చలికి త్వరగా చేతులెత్తేస్తాయి. కరెంటు వైరు లాగే వీలుంటే అన్నిటికంటే అది మేలు, కానీ కొనేముందు ఒకటి అడగండి: వైరు పెట్టినప్పుడు కెమెరా నేరుగా దాని మీదే నడుస్తుందా, లేక వైరు బ్యాటరీని చార్జ్ చేస్తే బ్యాటరీ మీద నడుస్తుందా? రెండోదైతే పాత కథే. సన్నటి 5 వోల్టుల యూఎస్‌బీ వైరు పది మీటర్లు లాగినా లాభం లేదు, దారిలోనే వోల్టేజ్ పడిపోతుంది. దూరమైతే పీఓఈ కెమెరాకు (ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో కరెంటు, డేటా రెండూ వచ్చేది) వెళ్లండి.

కొన్నాక రిటర్న్ గడువు పోకముందే కెమెరాను బిగించబోయే చోటే పెట్టి పరీక్షించండి. పైన చెప్పిన శాతాలకు స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి, ‘మీరు హద్దు దాటి వాడారు’ అని వారంటీ తిరగ్గొట్టినప్పుడు పనికొస్తాయి. బ్యాటరీ ఉబ్బి మూత సరిగ్గా పడకపోతే మాత్రం నొక్కి మూయకండి, గుచ్చకండి, మళ్లీ చార్జ్ పెట్టకండి. మంటకు అంటుకునే వస్తువులకు దూరంగా ఆరుబయట పెట్టి, బ్యాటరీలు తీసుకునే రీసైక్లింగ్ కేంద్రానికి ఇచ్చేయండి.