సింకు కింద అర: మూడున్నరేళ్లు వాడాక మా మాడ్యులర్ కిచెన్

మాది హన్మకొండ, వడ్డేపల్లి వైపు అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. 2022 ఉగాదికి ముందు మాడ్యులర్ కిచెన్ పెట్టించుకున్నాం. గ్రానైట్ కాకుండా రెండు లక్షల పది వేలు అయింది. షాపు పేరు రాయను. ఏది నిలిచింది, ఏది పోయింది, పోయినదాన్ని ఎట్లా బాగు చేయించుకున్నామో చెప్తాను.

డ్రాయర్లు బాగున్నాయి. పప్పుల స్టీలు డబ్బాలన్నీ కింది డ్రాయర్‌లోనే పెడతాను, ఇప్పటికీ మెత్తగా వస్తుంది, మెత్తగా మూసుకుంటుంది. తలుపులు కొంచెం జారితే హింజ్ స్క్రూ తిప్పి నేనే సరిచేసుకున్నాను. లామినేట్ మీద పసుపు మరక తడిబట్టతో పోతుంది.

అన్నిటికంటే మేలు చేసింది గట్టు ఎత్తు. కొలతలకు వచ్చిన అబ్బాయి 36 అంగుళాలు రాసుకున్నాడు. మా అత్తమ్మ ఒప్పుకోలేదు. "అంత ఎత్తు మీద రొట్టె ఎట్ల కొట్టాలె బిడ్డా, భుజాలు పడిపోతయ్" అని పాత బండ దగ్గర నిలబడి, చెయ్యి ఆనించి చూపించింది. 33 దగ్గర ఆపించాం. రోజూ జొన్నరొట్టె చేసే ఇల్లు మాది. ఆ మూడు అంగుళాలకు ఆమెకు ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో.

ఇక సింకు కింద అర సంగతి. 2023 జులైలో ముందు వాసన వచ్చింది, తడిసిన అట్టపెట్టె వాసన. తర్వాత ఆ తలుపు పక్క తలుపును రాసుకోవడం మొదలైంది. లోపల కింది పలక అంచును వేలితో నొక్కితే లోపలికి దిగింది, గోరుకు గోధుమరంగు పొట్టు అంటుకుంది. అప్పటికి కిచెన్ వయసు ఏడాదిన్నర కూడా కాలేదు.

షాపు సూపర్‌వైజర్ వచ్చి నిలబడే చూశాడు. "మేడమ్, మొన్న వానలకు హన్మకొండంత మునిగింది గదా. గాలిల తేమకు గిట్లనే ఉబ్బుతది" అన్నాడు. ఆ జులై చివర నయీంనగర్ వైపు, హంటర్ రోడ్డు పక్క కాలనీలు మునిగిన మాట నిజమే. కానీ మాది రెండో అంతస్తు. అదే గదిలో మిగతా అరలన్నీ పొడిగా ఉన్నాయి. గాలిలో తేమకే అయితే అన్నీ ఉబ్బాలి కదా! ఆ మాట అడిగితే జవాబు రాలేదు.

మా పుట్టింటి వైపు హుజూరాబాద్‌లో పాత వడ్లాయన, అంటే వడ్రంగి, ఒకరున్నారు. పిలిపించాం. ఆయన చాప పరుచుకుని పడుకుని, టార్చి వేసి చూశారు. "ఇగో చూడు బిడ్డా, పైపు కోసం కోసిన బొక్క. అంచుకు ఏం పూయలే, పచ్చిగనే ఇడిసిపెట్టిన్రు" అన్నారు. సింకు కింద నీళ్లు పోయే గొట్టానికి సీసాలా ఉండే భాగం, అదే బాటిల్ ట్రాప్, దాని నట్టు దగ్గర సన్నగా చుక్క కారుతోంది. చుక్క పైపు వెంట జారి ఆ బొక్క దగ్గర చెక్కలోకి ఇంకుతోంది. నట్టు బిగించడం ప్లంబర్ పని, అంచుకు సీల్ వేయడం షాపు పని. ఇద్దరూ ఒకే రోజు వచ్చారు, ఒకరి పని ఒకరు చూడలేదు.

ఆయన ఇంకోటి చూపించారు. కొటేషన్‌లో "ప్లై బాక్స్" అని రాసి ఉంది. ప్లై అంటే ప్లైవుడ్, కోసిన అంచులో పొరలు పొరలుగా కనిపించాలి. మా దాంట్లో పొర లేదు, అంతా రంపపు పొట్టు అతికించినట్టే ఉంది. అది పార్టికల్ బోర్డు. ఒకసారి నీళ్లు తాగి ఉబ్బిందంటే ఎండినా మళ్లీ మునుపటిలా కాదు. సింకు కిందకు ఐఎస్ 710 మెరైన్ ప్లై అడగండి, అంటే ఆ నంబరు భారత ప్రమాణం ప్రకారం చేసిన, నీళ్లకు తట్టుకునే ప్లై. ఆ రకం ప్లై ముక్కను 72 గంటలు మరిగే నీళ్లలో పెట్టి జిగురు పట్టును పరీక్షిస్తారు. ప్లై మీద ఆ నంబరు ముద్ర ఉంటుంది, బిగించకముందే ఫోటో తీసి పెట్టుకోండి. "ప్లై" అన్న ఒక్క మాటకు ఒప్పుకోవద్దు.

బిగించిన రోజే మొత్తం డబ్బు ఇచ్చేశాం. అందుకే తర్వాత షాపువాళ్లు ఫోన్లు ఎత్తలేదు. ఫోటోలు, కొటేషన్ కలిపి రాతపూర్వకంగా పంపాను. పది రోజులు చూసి 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫిర్యాదు చేశాను. అది కోర్టు కాదు, ఫిర్యాదును షాపువాళ్లకు పంపి జవాబు అడుగుతుంది. మా విషయంలో అంతే చాలింది. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోదామనే అనుకున్నాం. లోపం బయటపడ్డాక రెండేళ్లలోపు వేయాలి, ఐదు లక్షల వరకు చెల్లించిన వాటికి ఫీజు లేదు. షాపువాళ్లు మొదట ఒక్క తలుపు మారుస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. చివరికి సింకు అర మొత్తం మెరైన్ ప్లైతో కొత్తగా చేసి ఇచ్చారు. ఈసారి బొక్క అంచుకు నా కళ్లముందే సిలికాన్ పూయించాను.

ఒకటి మాత్రం తీరలేదు. గ్రానైట్ ముందు అంచు కింద నీళ్లు ఆగేందుకు సన్న గాడి కొట్టాలి. మాకు కొట్టలేదు. గిన్నెలు తోమినప్పుడు నీళ్లు బండ అడుగు పట్టుకుని వెనక్కి జారి తలుపు పై అంచు మీద పడతాయి, అక్కడ ఎడ్జ్ బ్యాండ్, అంటే చెక్క అంచుకు అతికించే సన్న పట్టీ, ఊడింది. బండ బిగించాక గాడి కొట్టడం ప్రమాదమని వడ్లాయన బండ అడుగున సన్న అల్యూమినియం పట్టీ అతికించారు. చుక్కలు ఇప్పుడు నేల మీద పడుతున్నాయి. కింద పాత చీరముక్క మడిచి పెట్టుకున్నాను.

అదే షాపుకు మళ్లీ పని ఇవ్వను. డ్రాయర్ల సామాను మాత్రం అదే రకం కొంటాను.