నెల్లూరులో కెనడా పీఆర్ కన్సల్టెన్సీ: ముందు గదికి ఒక స్టార్, వెనక గదికి ఐదు

కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఫైలు పని నెల్లూరులోనే ఒక కన్సల్టెన్సీకి ఇచ్చాం. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఈ రివ్యూలో సగం తిట్లు, సగం పొగడ్తలు, రెండూ ఒకే ఆఫీసుకి. చెన్నై పోయి పెద్ద ఆఫీసులో ఇద్దామా, ఊళ్ళోనే కానిద్దామా అని ఊగిసలాడేవాళ్ళు మా చుట్టాల్లోనే చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు గదిలో సార్ కూర్చుంటారు. ఏసీ, ప్రపంచ పటం, గోడ నిండా వీసాల జిరాక్సులు, పేర్ల మీద నల్ల స్కెచ్ గీసి లామినేషన్ చేయించినవి. సార్ నోట్లో కష్టం అన్న మాటే రాదు. "పూల్‌లో పడితే ఆరు నెలల్లో పీఆర్ చేతికొస్తుందమ్మా" అన్నారు. పూల్ అంటే పిలుపు కోసం ఎదురుచూసే వాళ్ళ జాబితా. అసలు సంగతేందంటే, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పీఆర్ కోసం కెనడా ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ పద్ధతి) ప్రొఫైల్ పెట్టుకోవడం ఉచితం, స్కిల్డ్ వర్కర్ కింద 100కి 67 పాయింట్లు, మిగతా కనీస అర్హతలు ఉంటే ఎవరైనా పూల్‌లో పడతారు, ఆ తర్వాత 1200కి ఇంకో స్కోరు వేసి పైనున్న వాళ్ళనే పిలుస్తారు, అలా పిలవడాన్నే డ్రా అంటారు. ఆరు నెలలనేది పిలుపొచ్చి, మనం 60 రోజుల్లోపు కాగితాలన్నీ పెట్టాక కెనడా వాళ్ళు చెప్పే లెక్క. పిలుపే రాకపోతే ఏడాదికి ప్రొఫైల్ గడువు తీరిపోతుంది, అంతే.

ఇదంతా సార్‌కి తెలియక కాదు. అగ్రిమెంటు చదివితే అర్థమైంది. ప్రొఫైల్ పూల్‌లో పెట్టగానే వాళ్ళ సర్వీసు పూర్తయినట్టు, ఆ తర్వాత డబ్బు వాపసు అడగకూడదని ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది. ఫుల్ ప్యాకేజీ లక్ష దాటుతుంది, ప్రభుత్వానికి కట్టేది వేరే (2024 ఏప్రిల్‌లో పెంచినప్పుడు పెద్దవాళ్ళకి తలకి 1,525 కెనడియన్ డాలర్లు అయింది, వేలిముద్రలకి ఇంకా విడిగా). మేం ఫైలింగ్ మాత్రం చాలన్నాం. సార్ ముఖం కాస్త ముడుచుకుంది గానీ ఒప్పుకున్నారు.

ఇంకో రెండు మాటలు కూడా చెప్పాలి. మా మామయ్య కూడా వచ్చారు, కోవూరు దగ్గర మాకు కొంచెం పొలం ఉంది, ఆయన టెన్షనంతా దాని గురించే. "పిల్లలు సిటిజన్లైపోతే పొలం సంగతేంది సార్" అని అడిగితే, "డ్యూయల్ సిటిజన్‌షిప్ ఉంటుందండీ, ఏం దిగులు లేదు" అనేశారు. ఇది శుద్ధ తప్పు. ఇండియాలో రెండు పౌరసత్వాలు లేవు, వేరే దేశం పౌరసత్వం తీసుకున్న రోజే ఇక్కడిది పోతుంది, పాస్‌పోర్టు సరెండర్ చేసి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైపోయిన మనవాళ్ళకి ఇండియా ఇచ్చేది) తెచ్చుకోవాలి, ఆ కార్డుతో ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనే వీలు లేదు, వారసత్వంగా వచ్చింది మాత్రం ఉంచుకోవచ్చు. ఉత్త పీఆర్‌తో ఇవేవీ మారవు, ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఉంటాం. సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాలంటే పీఆర్ వచ్చాక కూడా అయిదేళ్ళలో 1,095 రోజులు అక్కడ ఉండి తీరాలి. నెల్లూరు మనిషికి పొలం గురించి అబద్ధం చెప్పడం కన్నా పెద్ద తప్పు ఏముంటుందో నాకైతే తెలియదు.

రెండోది, ఫారంలో మెయిన్ అప్లికెంట్‌గా (స్కోరు ముఖ్యంగా ఈ మనిషి వివరాల మీదే వేస్తారు) మా ఆయన పేరు రాసేశారు, నన్ను ఒక్క ముక్క అడక్కుండా. మా ఆయనకి 34, ఆక్వా ఫీడ్ కంపెనీలో ఉద్యోగం, డిగ్రీ. నాకు 29, ఎంటెక్, ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. ఆ 1200 స్కోరులో జంటగా వెళ్ళేవాళ్ళకి వయసు పాయింట్లు 29 దాకా 100, ముప్ఫై నుంచి నలభై దాకా ఏటా 5 తగ్గుతూ పోతాయి. అంటే 34కి 75. దాని మీద మాస్టర్స్‌కి 126, మామూలు డిగ్రీకి 112. ఎవరి పేరు ముందుండాలో చిన్నపిల్లలైనా చెప్తారు.

ఇక వెనక గది. ఫ్యానొకటి, ఫైళ్ళు, డాక్యుమెంట్లు చూసే అమ్మాయి. మమ్మల్ని కూర్చోబెట్టి మొదట చేసిన పని ఆ పేర్లు తిరగేయడం. తర్వాత నా ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లీషు పరీక్ష) మార్కులు చూసి, రైటింగ్ 6.5 దగ్గర వేలు పెట్టి, "ఇది 7 చేసుకోండక్కా, మీ స్కోరుకి 57 కలుస్తాయి" అంది. నేను ఇంటికొచ్చి వేసి చూశాను, సరిగ్గా 57. రైటింగుకి నేరుగా కలిసేది 7 మాత్రమే, నాలుగు విభాగాలూ ఒక మెట్టు దాటడంతో చదువుకీ అనుభవానికీ ఇచ్చే అదనపు పాయింట్లు ఒక్కోటి 25 నుంచి 50 అవుతాయి.

మా కాలేజీ ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ లెటర్‌ని అయితే చదివి నవ్వేసింది. "ఈమె నిజాయితీపరురాలు, కష్టపడి పనిచేస్తుంది, ఉజ్వల భవిష్యత్తు ఉండాలని కోరుకుంటున్నాం" అని ఇచ్చారు మా వాళ్ళు. ఏం పని చేశానో, వారానికి ఎన్ని గంటలో, జీతమెంతో ఒక్క ముక్క లేదు, కెనడా వాళ్ళు చూసేది అవే. ఏమేం ఉండాలో కాగితం మీద రాసిచ్చి, లెటర్‌హెడ్ మీద సంతకం, ఫోన్ నంబరుతో తెమ్మని వెనక్కి పంపింది. మార్కుల ట్రాన్‌స్క్రిప్టులు మనం పట్టుకెళ్ళి ఇస్తే చెల్లవనీ, జేఎన్‌టీయూ అనంతపురం నుంచి యూనివర్సిటీయే నేరుగా డబ్ల్యూఈఎస్‌కి (మన డిగ్రీ కెనడాలో దేనికి సమానమో తేల్చే సంస్థ) పంపాలనీ కూడా ముందే చెప్పింది, లేకపోతే ఆ పని రెండుసార్లు అయ్యేది.

అసలు మెచ్చుకోవాల్సింది ఇంకోటుంది. రైటింగ్ పెంచుకున్నా మీ స్కోరు 460 చుట్టూ ఉంటుంది, ఇప్పటి డ్రాల్లో దానికి మామూలుగా పిలుపు రాదు అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి వేరే డ్రాలున్నాయి, 2025 మార్చిలో 379కే పిలిచారు, లేదంటే అక్కడి ఏదైనా ప్రావిన్స్ (రాష్ట్రం) మనల్ని ఎంచుకుని నామినేషన్ ఇస్తే 600 కలుస్తాయి, ఈ రెంట్లో ఒకటి చూసుకోండక్కా అంది. ఈ మాట ముందు గదిలో చెప్తే ప్యాకేజీ అమ్ముడుపోదు మరి.

వెళ్ళేవాళ్ళకి: ప్రొఫైల్ మీ ఈమెయిల్‌తోనే తెరిపించుకోండి, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఫీజు తీసుకుని ఈ కేసులు చూడాలంటే కెనడా కాలేజీ (చదువుకునే కాలేజీ కాదు, ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకి లైసెన్సులిచ్చే సంస్థ) లైసెన్సున్న కన్సల్టెంటో, అక్కడి లాయరో అయ్యుండాలి, ఆ నంబరు అడిగి వాళ్ళ పబ్లిక్ రిజిస్టర్‌లో చూసుకోండి. మాకు అడిగిన వారానికి ఇచ్చారు, లైసెన్సు నడుస్తూనే ఉంది, కానీ అగ్రిమెంట్లో ఆ లైసెన్సున్న మనిషి పేరు మేం పట్టుబట్టాకే ఎక్కించారు. శనివారం పోవద్దు, ఆ రోజు సార్ ఒక్కరే ఉంటారు. లిఫ్ట్ లేదు, కింద బండి పెట్టుకునే చోటూ లేదు.