కైరో నవలలు: మహ్‌ఫూజ్ ఇల్లా, అస్వానీ బిల్డింగా?

కైరో జీవితం గురించి ఏది ముందు చదవాలంటే నేనైతే ఈజిప్టు రచయిత నగీబ్ మహ్‌ఫూజ్ ‘కైరో ట్రిలజీ’ మూడు నవలలే (1956–57) అంటా. 1917 నుంచి 1944 దాకా ఒకే వ్యాపారి కుటుంబం, భర్త ఊళ్లో లేనప్పుడు ఆ వ్యాపారి భార్య అమీనా మసీదు చూడ్డానికి గడప దాటిందని తర్వాత ఆయన పుట్టింటికి పంపేస్తాడు, ఆ ఒక్క సంఘటనలోనే అప్పటి ఆడవాళ్ల బతుకంతా కనిపించేస్తుంది, చదివాక చాలాసేపు మనసు బాగోలేదు నాకు.

అలా అల్ అస్వానీ ‘యాకూబియన్ బిల్డింగ్’ (2002) మాత్రం 1990 నాటి కైరో. కింద ఫ్లాట్లలో డబ్బున్నోళ్లు, డాబా మీద ఇనప గదుల్లో పేదోళ్లు, వాచ్‌మన్ కొడుకని తాహా అనే కుర్రాణ్ణి పోలీసుల్లోకి తీసుకోరు. స్పీడుగా చదివిస్తుంది గానీ మనుషులు అంత లోతుగా గుర్తుండరు. టైం తక్కువుంటే దీంతోనే మొదలెట్టండి.