పిల్లిని నిమరడం: చెంపలా, పొట్టా?

కొత్త పిల్లితో ఎప్పుడైనా చెంపల దగ్గరే మొదలుపెట్టండి. చెంపలు, గడ్డం కింద, చెవులకూ కళ్లకూ మధ్య భాగంలో వాసన గ్రంథులుంటాయి. అది మీ వేలికి చెంప రుద్దుతోందంటే తన వాసన మీకు అంటిస్తోందన్నమాట. కళ్లు సగం మూసి తల ఇంకా ముందుకు తోస్తే కొనసాగించవచ్చు.

పొట్ట సంగతి వేరు. వెల్లకిలా పడుకుని పొట్ట చూపడం మీ మీద నమ్మకమే గానీ, చెయ్యి వేయమని పిలుపు కాదు. చాలా పిల్లులు అక్కడ తాకగానే ముందుకాళ్లతో చేతిని పట్టేసి, వెనకకాళ్లతో తన్ని, కొరుకుతాయి. అది కోపం కాదు, ఆత్మరక్షణ. పొట్ట నిమిరించుకునే పిల్లులూ ఉంటాయి, కానీ అలవాటైన మనిషి దగ్గరే. పిల్లలకు ముందుగా నేర్పాల్సింది ఇదే.

చెంపలైనా సరే, 3 సెకన్లు నిమిరి ఆపండి. మళ్లీ తనంతట తాను దగ్గరికొస్తే ఇంకాస్త. తోక కొస విదిలించడం, వీపు చర్మం అలలా వణకడం, చెవులు పక్కకు తిరగడం కనిపిస్తే వెంటనే చెయ్యి తీసేయండి. గురగుర శబ్దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు, నొప్పితో ఉన్న పిల్లి కూడా గురగురలాడుతుంది.

పిల్లి మీ చేతిని పట్టుకుంటే లాక్కోకండి, గాయం పెద్దదవుతుంది. కదపకుండా ఉంచితే సాధారణంగా వదిలేస్తుంది. పిల్లి పళ్లు సన్నగా లోతుకు దిగుతాయి. కొరికితే గాయాన్ని సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా గురించి అదే రోజు డాక్టర్‌ను కలవండి.